ఒక్క బండికే దారి

రెండు వరుసల రహదారిలో ఒక పక్కను తవ్వి, మిగిలిన పక్క మీదుగా రెండు దిక్కుల వాహనాలనూ వంతులవారీగా పంపించడం రహదారి పనుల్లో తరచుగా కనిపించే ఏర్పాటు. కల్వర్టును సగం వెడల్పు చొప్పున తిరిగి కట్టేటప్పుడు, కుంగిన అంచును తవ్వి కంకర నింపేటప్పుడు, ఘాట్ రోడ్డు మీద జారిపడిన మట్టిని ఎత్తిపోసేటప్పుడు, పక్కదారి వేయడానికి స్థలం లేని చోట ఇంతకంటే వేరే మార్గం ఉండదు. ఈ ఏర్పాటులో జనం కళ్లు సహజంగానే గుంత మీద, యంత్రం మీద, జెండా పట్టుకున్న మనిషి మీద నిలుస్తాయి. అక్కడికి కొన్ని వందల మీటర్ల ఇవతల, ఏ పనీ జరగని చోట, గట్టు పక్కన ఒంటరిగా నిలబడే హెచ్చరిక బోర్డును పట్టించుకునేవారు తక్కువ. అయితే లారీ నడిపే మనిషి యాక్సిలరేటర్ మీది కాలు తీయాలా వద్దా అని తేల్చుకునేది ఆ బోర్డు దగ్గరే కాబట్టి, పని స్థలంలోని భద్రతలో ఎక్కువ భాగం అక్కడే నిర్ణయమైపోతుంది.

1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మన దేశంలో రహదారుల నిర్మాణానికి, నిర్వహణకు ప్రమాణాలు రూపొందించే సంస్థ. పని జరిగే చోట వాహనాలను ఎలా నడిపించాలో చెప్పే ఎస్‌పీ 55 అనే మార్గదర్శక గ్రంథాన్ని అది 2001లో వెలువరించి, 2014లో సవరించింది. పని స్థలమంటే తవ్విన గుంత ఒక్కటే కాదనీ, డ్రైవరుకు మొదటి కబురు అందిన చోట మొదలై, అతడు తిరిగి తన మామూలు వరుసలోకి చేరుకునే చోట ముగిసే మొత్తం నిడివి అనీ ఆ గ్రంథం భావన. ఆ నిడివిలో మొదటిది ముందస్తు హెచ్చరిక భాగం. అక్కడ రహదారి వెడల్పు ఏమీ తగ్గదు, కబురు మాత్రమే అందుతుంది. దాని తరువాతిది మళ్లింపు భాగం. అక్కడ శంకువులో, డ్రమ్ములో ఏటవాలుగా పేర్చి వాహనాన్ని పక్కకు తప్పిస్తారు. ఆపైన అసలు పని జరిగే భాగం, చివరగా ముగింపు భాగం వస్తాయి. మన రోడ్ల మీద చాలా చోట్ల మూడో భాగం మాత్రమే ఉండి, మొదటి రెండూ లోపించడం, లేదా మూడూ కలిసి పాతిక మీటర్లలో ఇరుక్కుపోవడం కంట్రాక్టరు పిసినారితనానికి గుర్తుగా చెబుతారు గానీ, దూరం అనేది కూడా పనిలో భాగమనే ఎరుక లేకపోవడమే దానికి మరింత లోతైన కారణం.

దూరం ఎందుకు కావాలో చెప్పే లెక్క కష్టమైనది కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు సుమారు 22 మీటర్లు పోతుంది. అడ్డంకిని చూసి, అది అడ్డంకి అని గుర్తించి, కాలు బ్రేకు మీదికి చేర్చడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో రెండున్నర సెకన్లు పెట్టుకుంటారు. బ్రేకు పడకముందే 55 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పడ్డాక రోడ్డుకూ టైరుకూ ఉన్న పట్టు బండిని నిలబెట్టడానికి మరికొంత నేల కావాలి. ఈ రెండూ కలిపి ఆ వేగానికి 120 మీటర్లను ఆగుదల దూరంగా, అంటే కనిపించిన క్షణం నుంచి పూర్తిగా నిలిచే క్షణం వరకు బండికి కావలసిన కనీస దూరంగా, రహదారి రూపకల్పనలో తీసుకుంటారు. గంటకు 100 కిలోమీటర్లకు అది 180 మీటర్లు అవుతుంది. వేగం పాతిక శాతం పెరిగితే దూరం సగానికి సగం పెరగడం ఇక్కడ గమనించదగిన విషయం.

అయితే ఈ 120 మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలన్నది అసలు ప్రశ్న, పనివారిలో అనుభవజ్ఞులు కూడా తడబడేది ఇక్కడే. గుంత నుంచి కొలిస్తే లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. కానీ వంతులవారీ దారిలో ముందుకొచ్చే వాహనం ఢీకొనేది సాధారణంగా గుంతను కాదు, ఆగి ఉన్న వాహనాల వరుసలో చిట్టచివరిదాన్ని. ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి తేటపడుతుంది. ఒక్క బండికే దారి ఉన్న భాగం 300 మీటర్లు అనుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటడానికి 54 సెకన్లు పడుతుంది. ఒక పక్కను ఒక నిమిషం వదిలి, చివరి బండి అవతలికి చేరేదాకా ఆగి, రెండో పక్కను ఒక నిమిషం వదిలి, మళ్లీ ఆ చివరి బండి కోసం ఆగాలి కాబట్టి, మొదటి పక్కవారు రెండు నిమిషాల 48 సెకన్లు నిలబడాలి. నిమిషానికి ఆరు వాహనాలు వచ్చే రోడ్డు మీద ఈలోగా 17 వాహనాలు చేరతాయి. బస్సులు, లారీలు, కార్లు కలిపి ఒక్కోదానికి సగటున 10 మీటర్లు వేసుకుంటే వరుస తోక 170 మీటర్ల వెనక ఉంటుంది. గుంతకు 100 మీటర్ల ముందు పెట్టిన బోర్డు, ఆ క్షణంలో ఆగి ఉన్న వాహనాల నడుమ, ఎవరికీ అక్కరలేని చోట, ఒక లారీ చాటున ఉంటుంది.

లెక్క అక్కడితో ఆగదు. వదిలిన నిమిషంలో మూడు సెకన్లకు ఒకటి చొప్పున 20 వాహనాలు కదులుతాయనుకుంటే, రెండు పక్కల వంతులూ పూర్తయ్యే మూడు నిమిషాల 48 సెకన్లలో వచ్చి చేరేవి దాదాపు 23. వంతుకు రెండు మూడు చొప్పున మిగిలిపోయి, గంట గడిచేసరికి నలభైకి పైగా వాహనాలు అదనంగా నిలుస్తాయి. తోక మరో 400 మీటర్లు వెనక్కి జరుగుతుంది. పొద్దున ఎనిమిదింటికి సరిగ్గా కొలిచి పాతిన బోర్డు తొమ్మిదింటికి తప్పు చోట ఉంటుంది, దాన్ని ఎవరూ కదపకపోయినా. అందువల్ల ముందస్తు హెచ్చరికను ఒకసారి పాతి మరిచిపోయే వస్తువుగా కాక, తోకతోపాటు వెనక్కి నడిపించవలసిన వస్తువుగా చూడాలి. మలుపుకు అవతలో, ఎత్తు దిగే వాలులోనో తోక చేరుకుంటుందని తెలిస్తే బోర్డును మలుపుకు ఇవతలికి, ఎత్తు ఎక్కకముందే కనిపించే చోటికి తేవాలి. ఈ ఒక్క పని కోసం రోజంతా ఒక మనిషిని కేటాయించడం వృథా ఖర్చుగా లెక్కల్లో కనిపించవచ్చు. పైన చెప్పిన లెక్క చూసిన తరువాత దాన్ని వృథా అనడం కష్టం.

అమెరికా రహదారుల మీద ఈ హెచ్చరికలకు స్థిరమైన ఒక వరుస ఏర్పడింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఆ దేశంలో బండి నడిపేవారికి, నారింజ రంగు మీద నల్లని అక్షరాలతో వజ్రాకారంలో నిలిచే ఆ బోర్డులు పరిచితమే. పల్లె ప్రాంతపు రెండు వరుసల రోడ్డు మీద మొదటి బోర్డు ముందు రోడ్డు పని ఉందని, రెండోది ముందు ఒకే వరుస ఉందని చెబుతాయి. మూడోది జెండా మనిషి బొమ్మ. ఒక్కో బోర్డుకూ నడుమ 500 అడుగులు, అంటే దాదాపు 150 మీటర్లు ఉండాలని అక్కడి జాతీయ ప్రమాణ గ్రంథం చెబుతుంది. అక్కడి పల్లె రోడ్ల వేగంలో ఈ దూరం ఐదారు సెకన్లకు సమానం. ఈ వరుసలోని తెలివి బోర్డుల సంఖ్యలో లేదు, క్రమంలో ఉంది. ఏదో ఉందన్న మాట ముందు వచ్చి మనసును మేల్కొల్పుతుంది, ఏముందన్న మాట తరువాత వచ్చి ఊహకు ఆకారమిస్తుంది, ఏం చేయాలన్న మాట చివరికి వచ్చి కాలికి పని చెబుతుంది. మూడింటినీ ఒకే పెద్ద బోర్డు మీద రాసి పెడితే ఖర్చు తగ్గుతుంది గానీ, చదివేవాడికి ఒక్కో మాటకూ దొరికే ఆ ఐదారు సెకన్ల ఊపిరి దొరకదు.

మాటల సంగతికి వస్తే, తెలుగులో ఈ బోర్డు రాయడం ఒక ప్రత్యేకమైన విద్య. ‘ముందు ఒకే దారి’ అని రాస్తే, ఎదురు బండి రాని వన్ వే అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. చెప్పదలచినది మాత్రం సరిగ్గా దానికి వ్యతిరేకం, అదే దారిలో ఎదురు బండి వస్తుందని. ‘సింగిల్ రోడ్డు’ అనేది ఊళ్లలో అందరికీ అర్థమయ్యే మాట, డబుల్ రోడ్డు కానిదని. కానీ ఆ మాటతోపాటు ఒక అలవాటు కూడా డ్రైవరు మనసులోకి వస్తుంది. సింగిల్ రోడ్డు మీద ఎదురెదురు బండ్లు ఆగవు. రెండూ చెరో పక్క చక్రాన్ని మార్జిన్‌లోకి, అంటే తారుకు ఆనుకుని ఉండే మట్టి అంచులోకి, దింపి దాటుకుంటాయి. పని స్థలంలో ఆ అంచు తవ్వేసి గానీ, కంకర కుప్పలతో నిండి గానీ ఉంటుంది కాబట్టి, ఆ అలవాటును గుర్తుచేసే మాట అక్కడ మేలు కంటే కీడే చేస్తుంది. ‘ముందు ఒక్క బండికే దారి’ అనే వాక్యం వాడుకకు దగ్గరగా ఉంటూనే రెండు అపార్థాలకూ తావివ్వదు. దాని తరువాతి బోర్డు మీద ‘ఆగాలి, వంతు వస్తుంది’ అని ఉంటే డ్రైవరుకు నిలబడడానికి కారణం కూడా తెలుస్తుంది. కారణం తెలిసిన మనిషి తెలియని మనిషికంటే ఎక్కువసేపు ఓపిక పడతాడు.

అక్షరాల పరిమాణం మరో చిక్కు. లాటిన్ లిపిలో అంగుళం ఎత్తు అక్షరం 30 అడుగుల దూరం నుంచి చదవగలిగేలా ఉంటుందని అమెరికా ప్రమాణాల్లో లెక్క కడతారు. ఆ లెక్కన ఎనిమిది అంగుళాల అక్షరం దాదాపు 73 మీటర్ల నుంచి కనిపిస్తుంది, 80 కిలోమీటర్ల వేగంలో అది మూడు సెకన్ల పైచిలుకు. తెలుగు లిపికి ఇదే కొలత అన్వయించదు. తలకట్టు, గుడి, ఏత్వం పైన, ఒత్తులు కింద చేరి, ఒక పంక్తి ఎత్తులో అసలు అక్షరానికి మిగిలే చోటు కుదించుకుపోతుంది. గుండ్రని గీతలు దగ్గర దగ్గరగా ఉండడంవల్ల దూరం నుంచి డ, ద, ధ ఒకే ముద్దలా కనిపిస్తాయి. కాబట్టి మన బోర్డు మీద మాటలు తక్కువగా ఉండాలి, అక్షరాలు మరింత పెద్దగా ఉండాలి, వీలైతే ఒత్తులు లేని మాటలు ఎంచుకోవాలి. ‘రహదారి మరమ్మతు పనులు జరుగుచున్నందున వాహన చోదకులు నెమ్మదిగా వెళ్లవలసినదిగా విజ్ఞప్తి’ అనే వాక్యం మర్యాదగా ఉంది, వ్యాకరణం సరిగ్గా ఉంది, కానీ అది ఆగి ఉన్న బండిలోంచి మాత్రమే చదవగలిగే వాక్యం. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద గానీ, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా సాగే 44వ నంబరు రహదారి మీద గానీ అనేక రాష్ట్రాల డ్రైవర్లు వస్తారు. వారు వాటిని విడిచి లోపలి రెండు వరుసల రోడ్లలోకి కూడా మళ్లుతారు కాబట్టి మాటలకు తోడు బొమ్మ తప్పనిసరి. త్రికోణంలో పార పట్టిన మనిషి బొమ్మ, రోడ్డు ఇరుకయ్యే బొమ్మ ఆ పనికే ఉన్నాయి.

బోర్డులు లేని కాలంలో, లేని చోట, మన రోడ్ల మీద హెచ్చరికకు ఒక సొంత సంప్రదాయం ఉంది. లారీ చెడిపోయి రోడ్డు మీదే నిలిచిపోతే, క్లీనరు పక్కనున్న చెట్టు కొమ్మ విరిచి, కాస్త వెనక రోడ్డు మీద పరిచి, దాని చుట్టూ నాలుగు రాళ్లు పెడతాడు. పచ్చటి ఆకులు తారు మీద కనిపించగానే వెనక వచ్చే డ్రైవరు అప్రమత్తమవుతాడు. ఇది చిన్నచూపు చూడదగిన పద్ధతి కాదు. తన తరువాత వచ్చే అపరిచితుడి ప్రాణం గురించి ఆలోచించి, చేతికి అందిన వస్తువుతో, తన వాహనానికి కొంత దూరంలో గుర్తు పెట్టడం అనే మూలసూత్రం అందులో పూర్తిగా ఉంది. దాని లోపం వేరే చోట ఉంది. కొమ్మ ఏదో ఉందని చెప్పగలదు గానీ ఏముందో, ఏం చేయాలో చెప్పలేదు. చీకటి పడితే కనిపించదు. బండి బాగై వెళ్లిపోయాక రాళ్లు అక్కడే మిగిలి, రాత్రి ద్విచక్ర వాహనం మీద వచ్చేవాడికి కొత్త అడ్డంకిగా మారతాయి. పంటకాలంలో మొక్కజొన్న, వడ్లు రోడ్డు మీద ఆరబోసి, అంచున రాళ్లు పేర్చే చోట్ల కూడా డబుల్ రోడ్డు ఏ బోర్డూ లేకుండానే ఒక్క బండి దారిగా మారుతుంది. ఆరబోసుకోవడానికి కళ్లం లేని రైతును తప్పుపట్టడం సులువు. ఊరి మొదట్లో ఒక హెచ్చరిక బోర్డును పంచాయతీ సిద్ధంగా ఉంచుకోవడం అంతకంటే పనికొచ్చే ఆలోచన.

ముందస్తు బోర్డు చెప్పిన మాటను నెరవేర్చే మనిషి జెండా మనిషి. ఇతడి చేతిలోని పలక విషయంలో దేశాలమధ్య ఉన్న ఒక తేడా ఆలోచించదగినది. బ్రిటన్‌లో వాడే గుండ్రని పలకకు ఒక వైపు ఎరుపు మీద ‘ఆగు’ అని, రెండో వైపు ఆకుపచ్చ మీద ‘వెళ్లు’ అని ఉంటాయి. అమెరికాలోని అష్టకోణ పలకకు ఒక వైపు ‘ఆగు’ అనే ఉన్నా, రెండో వైపు నారింజ రంగు మీద ‘నెమ్మది’ అని ఉంటుంది. వెళ్లమనడం అనుమతి, నెమ్మది అనడం అనుమతితోపాటు షరతు. పని జరిగే చోట రోడ్డు అవతలి అంచున కూలీలు వంగి పనిచేస్తుంటారు కాబట్టి, రెండో మాటే మన పరిస్థితికి తగినదని చెప్పవచ్చు. మన దగ్గర పచ్చ జెండా ఊపగానే ముందున్న బస్సు దూసుకుపోవడం చూసినవారెవరికైనా ఆ తేడా విలువ అర్థమవుతుంది. జెండా పట్టుకోవడం తేలిక పని అనే భావంతో, బరువు మోయలేని వారిని అందుకు నిలబెట్టడం చాలా చోట్ల కనిపించే అలవాటు. వేగాన్ని అంచనా వేయడం, తోకను గమనించడం, అవతలి మనిషితో మాట కలుపుకోవడం, తప్పించుకునే దారి వెనక ఉంచుకుని నిలబడడం అనే నాలుగు నైపుణ్యాలు కావలసిన ఆ పనికి అందరికంటే ముందు శిక్షణ ఇవ్వాలి.

మన రోడ్లకు ప్రత్యేకమైన మరో సమస్య ఉంది. అది పరాయి దేశపు ప్రమాణ గ్రంథాలు ఊహించనిది. ఆగిన వరుస పక్కనుంచి ద్విచక్ర వాహనాలు, ఆటోలు, వాటి వెనకే కార్లు ముందుకు జారి, ఎదురు వాహనాలు బయటికి రావలసిన వరుసను నింపేస్తాయి. అవతలి పక్క వారు కూడా అదే చేస్తే, రెండు మూతలు బిగించిన సీసాలా మధ్య భాగం బిగుసుకుపోతుంది; ఎవరి వంతు వచ్చినా ఎవరూ కదలలేరు. దీనికి విరుగుడు ముందస్తు హెచ్చరిక భాగంలోనే ఉండాలి. ఆగవలసిన గీతను ఇరుకు దారి మొదటికి ఆనించకుండా, బయటికి వచ్చే బస్సు తన వరుసలోకి తిరిగేందుకు చోటు ఉండేలా వెనక్కి జరపాలి; ఆ గీతకు వెనక కొంత దూరం వరకు రోడ్డు మధ్యన డ్రమ్ములు వరుసగా పెట్టి, పక్క వరుసలోకి జారే వీలు లేకుండా చేయాలి.

ఇద్దరు జెండా మనుషులూ ఒకరికొకరు కనిపించని మలుపుల దగ్గర, చివరి బండి ఏదో అవతలివారికి తెలియాలి. ఇప్పుడు వాకీటాకీలు, ఫోన్లు ఉన్నాయి గానీ, ఒక పాత పద్ధతి ఇంకా పుస్తకాల్లో నిలిచి ఉంది. వంతులో చివరిగా వెళ్లే వాహనం డ్రైవరుకు ఒక జెండానో గుర్తునో ఇస్తారు, అతడు దాన్ని అవతలి మనిషికి అందిస్తాడు, అది చేతికి వచ్చేదాకా అవతలి పక్క తెరవరు. ఒంటి పట్టాల రైలు మార్గం పక్కన పెరిగినవారికి ఇది కొత్త కాదు. స్టేషన్ మాస్టరు పరికరంలోంచి తీసిన లోహపు బంతిని సంచిలో పెట్టి రైలు డ్రైవరుకు అందించడం, తరువాతి స్టేషన్‌లో దాన్ని తిరిగి పరికరంలో వేసేదాకా రెండో బంతి బయటికి రాకపోవడం నీల్ బాల్ టోకెన్ పద్ధతిలోని కీలకం. రైలు మధ్యలో దిగి పొలంలోకి వెళ్లిపోదు, లారీ వెళ్లగలదు. అందుకే రోడ్డు మీద ఈ పద్ధతిని మైలుకు మించని చిన్న నిడివికే అమెరికా ప్రమాణాలు సరిపెట్టాయి. మధ్యలో డొంకదారి కలిసే చోట దీన్ని నమ్ముకోకూడదు. అటువంటి డొంకదారి మొదట్లో కూడా ఒక చిన్న బోర్డు ఉండాలి; ఎందుకంటే అక్కడి నుంచి వచ్చే ట్రాక్టరు ప్రధాన రహదారి మీది మూడు బోర్డుల్లో ఒక్కదాన్నీ చూడకుండానే వంతుల మధ్యలోకి ప్రవేశిస్తుంది.

రాత్రి వేళ బోర్డు బతికేది దాని మీది ప్రతిఫలన పొర వల్ల. సూక్ష్మమైన గాజు పూసలో, చిన్న చిన్న పట్టకాలో ఇమిడిన ఆ పొర, హెడ్‌లైటు వెలుగును చెదరగొట్టకుండా వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది కాబట్టి డ్రైవరు కంటికి బోర్డు వెలిగినట్టు కనిపిస్తుంది. ఎరుపు తెలుపు పట్టీలు పూసిన తారు డ్రమ్ముకు మామూలు రంగు ఉంటే పగలు ఎంత స్పష్టంగా కనిపించినా రాత్రి అది చీకటిలో కలిసిపోతుంది. పని స్థలంలో లేచే దుమ్ము రెండు మూడు రోజుల్లోనే ఆ పొరను కప్పేస్తుంది. సాయంత్రం తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, కానీ ఆ గుడ్డ ఏ అంచనా పత్రంలోనూ ఉండదు.

బోర్డు పెట్టడం ఎంత అవసరమో, పని లేనప్పుడు తీయడమో కప్పడమో అంతే అవసరం. ఆదివారం యంత్రాలు ఆగి, దారి రెండు వైపులా తెరుచుకున్న తరువాత కూడా ‘ఆగాలి’ అని చెప్పే బోర్డును దాటుకుంటూ వెళ్లిన డ్రైవరు, సోమవారం అదే బోర్డును చూసి కాలు తీయడు. అబద్ధమాడిన బోర్డు తన పని స్థలానికే కాక, తరువాతి ఊళ్లో మరొకరు నిజాయితీగా పెట్టిన బోర్డుకు కూడా నష్టం చేస్తుంది. పెట్టేటప్పుడు, తీసేటప్పుడు పాటించే క్రమం కూడా ఈ నమ్మకాన్ని బట్టే ఏర్పడింది. పొద్దున వాహనాలు వచ్చే దిక్కునుంచి మొదలుపెట్టి, అన్నిటికంటే దూరంగా ఉండవలసిన బోర్డును మొట్టమొదట పాతి, ఆ తరువాత ఒక్కొక్కటిగా గుంత వైపు వస్తారు, కాబట్టి శంకువులు పేర్చే మనిషి రోడ్డు మీద కాలు పెట్టేసరికే అతడి గురించిన కబురు ముందుగా వెళ్లి ఉంటుంది. సాయంత్రం ఇదంతా తలకిందులవుతుంది. గుంత దగ్గరి సామగ్రి మొదట లేస్తుంది, జెండా మనిషి పక్కకు తప్పుకుంటాడు, మధ్య బోర్డులు బండిలోకి ఎక్కుతాయి. పనివారంతా రోడ్డు దిగి గట్టు మీదికి చేరిన తరువాత, చివరగా మిగిలిన ఒక్కడు అర కిలోమీటరు వెనక్కి నడిచి మొదటి బోర్డును మడిచి భుజాన వేసుకుంటాడు.